వేటకొడవలికి ఇంట్లో ఒక చోటు ఉండాల



ఈరోజు పంట గురించి కాదు, పనిముట్టు గురించి రాస్తున్నా. మన సీమ పల్లెల్లో వేటకొడవలి లేని రైతు ఇల్లు తక్కువ. కంప కొట్టాలన్నా, కొమ్మలు నరకాలన్నా, అమ్మవారికి వేట కొట్టాలన్నా అదే కావాల. అడవి జంతువుల వేట అంటారా, 1972 వన్యప్రాణి చట్టం కింద అది నేరం. కాబట్టి ఇప్పుడది పని కత్తి మాత్రమే.

మరి ఆ పని కత్తిని యాడ పెడుతున్నాం? తలుపు మూల, మంచం కింద, లేదంటే బండి సీటు పక్కన. వెనక కొట్టం ఉన్నప్పుడు చూరులో దోపేవాళ్లు. స్లాబు ఇళ్లు వచ్చినాయి, చూరు పోయింది, దాని బదులు ఇంకో చోటు మాత్రం మనం చూసుకోలేదు.

"రాత్రిపూట దొంగో, పందో వస్తే చేతికి అందాల కదా" అంటారు. ఒక్క మాట ఆలోచించండి. మీ చేతికి అందేది మీ మనవడి చేతికీ అందుతుంది. తాగొచ్చినోడి చేతికీ అందుతుంది. గట్టు తగాదాలో కోపం చల్లారడానికి పది నిమిషాలు చాలు. కొడవలి తాళం లోపల ఉంటే ఆ పది నిమిషాలు దొరుకుతాయి. తలుపు మూల ఉంటే దొరకవు. రాత్రికి టార్చి, కట్టె దగ్గర పెట్టుకోండి, చాలు.

అటక మీద పెట్టినామంటే కూడా సరిపోదు. పిల్లలు కుర్చీ వేసుకుని ఎక్కుతారు. సంచి లాగితే కత్తి నెత్తిన పడుతుంది. పాత ట్రంకు పెట్టె చూసి, అందులో పెట్టి తాళం వేయండి. తాళంచెవి ఒక్కరి దగ్గరే ఉండాల. ఆ ఒక్కరు ఇంటావిడైతే ఇంకా మంచిది.

పెట్టే పద్ధతి కూడా చెప్తా. పని అయినాక జిగురు, మట్టి కడిగి, పొడిగుడ్డతో తుడిచి, ఎండలో ఒక్క నిమిషం ఆరబెట్టండి. కమ్మరి కొట్టిన ఉక్కు స్టీలు గిన్నె కాదు, తడి తగిలితే తుప్పే. ఆముదం పలచగా రాయండి. తోలు ఒర ఉంటే మోసుకుపోవడానికి వాడుకోండి గానీ, నెలల తరబడి అందులోనే వదిలేయొద్దు. తోలు తేమ పట్టి ఉంచుతుంది. దాని బదులు పాత డ్రిప్పు పైపు ముక్కను నిలువునా చీల్చి అంచుకు తొడిగి, ట్యూబు ముక్కతో కట్టండి. ఖర్చు లేదు. యూరియా, పొటాష్ సంచుల పక్కన పెట్టొద్దు, ఇనుమును తినేస్తాయి. పురుగుమందు డబ్బాల పక్కన అసలే వద్దు, అదే కత్తి రేపు మాంసానికి వాడతాం. పిడి వదులైతే, పొన్ను కదిలితే బాగుచేయించినాకే లోపల పెట్టండి.

కుర్రోళ్లకు ఒక మాట. 1959 ఆయుధాల చట్టం కేవలం వ్యవసాయానికి, ఇంటి పనికి చేసిన వస్తువులను ఆయుధాల లెక్కలోంచి తీసేసింది. ఆ వెసులుబాటు పనికి, ఫోటోలకు కాదు. కొడవలి పట్టుకుని స్టేటస్‌లు పెడితే, బైకు మీద తిప్పితే పోలీసులు దాన్ని పనిముట్టు అనుకోరు. సినిమాలు మన కొడవలికి తెచ్చిన చెడ్డపేరు చాలు, మనం ఇంకా తేవద్దు.

మన పెద్దోళ్లు కత్తి చేతికి ఇచ్చేవాళ్లు కాదు, కింద పెడితే ఎదుటివాళ్లు తీసుకునేవాళ్లు. చేతిలో ఇస్తే తగాదా వస్తుందనేవాళ్లు. నమ్మకం సంగతి పక్కన పెట్టండి, ఎవరి చెయ్యీ తెగదు కదా.

ఈ రాత్రి పడుకునే ముందు మీ తలుపు మూల ఒకసారి చూడండి. అక్కడ కొడవలి ఉంటే లోపల పెట్టి తాళం వేసి పడుకోండి. మీ ఇంట్లో ఎట్ల పెడతారో కింద రాయండి, నలుగురికి పనికొస్తుంది.