తాత లెక్క, పైథాన్ లెక్క

కార్వేటినగరంలో మా తాత బెంగళూరా మామిడి లెక్క ఇప్పటికీ తెలుగు అంకెల్లోనే రాస్తాడు. సెలవుల్లో ఆ లెక్కలు కూడే ఫంక్షన్ రాశా. ౧౨ టన్నులు, ౮ టన్నులు ఇస్తే ౧౨౮ అంది! ఇన్‌పుట్ స్ట్రింగే కదా, పక్కపక్కన అంటించేసింది. టైప్ హింట్ పెట్టాను గానీ, రన్ అయ్యేటప్పుడు పైథాన్ దాన్ని పట్టించుకోదు.

"తాతనే ఇంగ్లీషు అంకెలు కొట్టమను" అన్నాడు రూమ్మేట్. నేనొప్పుకోను. మార్చుకోవాల్సింది ఫంక్షనే, అదీ గడప దగ్గరే. ఇంట్‌కి ౧౨ ఇచ్చినా 12గానే చదువుతుంది (నమ్మకపోతే కొట్టి చూడండి). జవాబు మాత్రం 20 అనే వస్తుంది. దాన్ని ౨౦ చేయడానికి మేక్‌ట్రాన్స్, ట్రాన్స్‌లేట్ చాలు, రెండు లైన్లు. అవి రాయకుండా "పనిచేస్తోంది" అంటే ఎలా?

తాత ౨౦ చూసి అడిగాడు: "తరుగు తీసినావా?"