ఎవరి తాలూకు?

హైవే మీద బైకు పల్టీ కొట్టింది. మనిషి డివైడర్ పక్కన పడున్నాడు, చెప్పొకటి రోడ్డు మధ్యలో ఉంది. చూస్తుండగానే పాతికమంది పోగయ్యారు. ఇలాంటి చోట ఎప్పుడైనా నిలబడి చెవి ఒగ్గి వినండి. మొదట వినిపించేది "ఊపిరుందా?" కాదు. "ఎవరి తాలూకు?", "ఏ ఊరంట?". వెనకనుంచి ఇంకెవరో "హెల్మెట్ లేదు చూడు" అంటారు, "మందు మీదున్నాడేమో" అంటారు. ఆ తర్వాతెప్పుడో "108కి కొట్టారా?" అని ఒకరు అడిగితే, "కొట్టే ఉంటార్లే" అని మరొకరి జవాబు.

మర్నాడు పేపర్లో 'మంటగలిసిన మానవత్వం' అని హెడ్డింగ్. నాకు ఆ హెడ్డింగ్ మీద ఎప్పుడూ గురి లేదు. ఏడాదికి ఇన్నిసార్లు మంటగలిసేదైతే అది ఈపాటికి బూడిదైనా మిగిలి ఉండకూడదు.

గుంపులో మనిషి ఎందుకు కదలడో 1968లోనే అమెరికాలో డార్లీ, లాటనే అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు పరీక్షించి చూశారు. విద్యార్థుల్ని విడివిడి గదుల్లో కూర్చోబెట్టి, మైకులో మాట్లాడుతున్న ఒకరికి మూర్ఛ వచ్చినట్టు వినిపించారు. వింటున్నది తానొక్కడినే అనుకున్నవాళ్ళలో 85 శాతం మంది వెంటనే లేచారు. ఇంకో నలుగురు కూడా వింటున్నారనుకున్నవాళ్ళలో 31 శాతమే. "కొట్టే ఉంటార్లే" అన్న మాట మన ఒక్కరి సొత్తు కాదన్నమాట. అయితే గుంపును మరీ తీసిపారెయ్యక్కర్లేదు. ఇంగ్లండ్, నెదర్లాండ్స్, దక్షిణాఫ్రికా నగరాల్లో వీధి తగాదాల సీసీ కెమెరా దృశ్యాలు 219 పరిశీలిస్తే, పదింట తొమ్మిది చోట్ల కనీసం ఒకరు అడ్డుపడ్డారని 2019లో తేలింది.

మన దగ్గర దీనికి పోలీసు భయం తోడైంది. అది ఊరికే పుట్టిన భయం కాదు. మోసుకెళ్ళినవాణ్ణే "నువ్వే గుద్దావా?" అని అడిగిన స్టేషన్లున్నాయి. సాక్షిగా పేరు రాయించుకుని వాయిదాల చుట్టూ తిప్పిన కోర్టులున్నాయి. "ఇది పోలీసు కేసు, పెద్దాసుపత్రికి తీసుకుపోండి" అన్న ఆసుపత్రులకైతే లెక్కే లేదు. అలా దగ్గర్లోని ఆసుపత్రి చేర్చుకోక, దూరంలో ఉన్నదానికి పంపితే దారిలోనే ప్రాణం పోయిన ఒక స్కూటరిస్టు ఉదంతం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ముందు వైద్యం, తర్వాతే పోలీసు కాగితాలు అని పరమానంద్ కటారా కేసులో 1989లో కోర్టు తేల్చి చెప్పింది. చెప్పినా భయం పోలేదు. 2013లో సేవ్‌లైఫ్ ఫౌండేషన్ జరిపించిన సర్వేలో 74 శాతం మంది ముందుకెళ్ళబోమన్నారు. కారణం అడిగితే వాళ్ళలో నూటికి 88 మంది పోలీసులు, కోర్టులు అన్నారు.

అదే సంస్థ వేసిన వ్యాజ్యం మీద 2016 మార్చిలో ఆదుకున్నవాళ్ళకు రక్షణనిచ్చే నిబంధనలకు సుప్రీంకోర్టు చట్టబలం ఇచ్చింది. 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఎ సెక్షన్ చేరింది. ఇప్పుడు మీరు ఒక క్షతగాత్రుణ్ణి ఆసుపత్రిలో దింపి, పేరు కూడా చెప్పకుండా వెళ్ళిపోవచ్చు. ఎవరూ ఆపడానికి వీల్లేదు, డబ్బు కట్టమనడానికీ వీల్లేదు. ఈ సంగతి స్థానిక భాషలో రాసి ప్రతి ఆసుపత్రి గుమ్మం దగ్గరా పెట్టాలని కూడా నిబంధన. ఈసారి వెళ్ళినప్పుడు వెతికి చూడండి. ఆరోగ్య బీమా కంపెనీల జాబితా, పార్కింగ్ రుసుము, ఫార్మసీ డిస్కౌంటు అన్నీ కనిపిస్తాయి. కాపాడినవాళ్ళకు కేంద్రం 2021లో పెట్టిన 5 వేల రూపాయల బహుమతి 2025లో 25 వేలైంది. అది చేతికి రావాలంటే మాత్రం పేరు, బ్యాంకు ఖాతా అన్నీ ఇచ్చుకోవాలి, జిల్లా కమిటీ ఆమోదించాలి. సర్కారు వారి దయకు కూడా ఫైలు కావాలి మరి!

సరే, భయం సంగతి చట్టం చూసుకుంటుంది. "ఎవరి తాలూకు?" అన్న ప్రశ్నను ఏ సెక్షనూ చూసుకోలేదు. మనవాడని తేలితే గుండె కరుగుతుంది, కారు తలుపు తెరుచుకుంటుంది. మనవాడు కాదని తేలితే రెండో విచారణ మొదలవుతుంది: తప్పెవరిది? తప్పు వాడిదేనని తేలిపోతే ఎంత హాయో! వాడు తాగాడు, మనం తాగం. వాడు హెల్మెట్ పెట్టుకోలేదు, మనం పెట్టుకుంటాం. కాబట్టి మనకిలా జరగదు. ఇక బాధపడాల్సిన పనేముంది?

2020 మే 8 తెల్లవారుజామున మహారాష్ట్రలో ఔరంగాబాద్ దగ్గర 16 మంది వలస కూలీల మీదుగా గూడ్సు రైలు వెళ్ళిపోయింది. లాక్‌డౌన్‌లో పనుల్లేక, మధ్యప్రదేశ్‌లోని ఇళ్ళకు చేరడానికి జాల్నా నుంచి పట్టాల వెంట నడిచి నడిచి, రైళ్ళు తిరగడం లేదు కదా అని అక్కడే ఒరిగారు. దారికని కట్టుకున్న రొట్టెలు పట్టాల మీద చెల్లాచెదురుగా పడున్న ఫొటో దేశమంతా చూసింది. చూసి ఏమడిగింది? "పట్టాల మీద ఎవరైనా పడుకుంటారా?" అని. వారం తిరిగేసరికి, పట్టాల మీద పడుకుంటే ఎవరు మాత్రం ఆపగలరన్న ధోరణిలో సుప్రీంకోర్టు ధర్మాసనమూ వ్యాఖ్యానించింది. దాదాపు నలభై కిలోమీటర్లు నడిచిన కాళ్ళు పడుకునే చోటు ఎంచుకుంటాయా?

ఆ రైలు ప్రమాదానికి ఒక్కరోజు ముందు విశాఖలో ఎల్జీ పాలిమర్స్ నుంచి విషవాయువు లీకై 12 మంది పోయారు. ఆ తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురం వీధుల్లో సొమ్మసిల్లినవాళ్ళను భుజాల మీద వేసుకుని పరిగెత్తినవాళ్ళకు విచారణకు వ్యవధే లేదు. మనుషులు మారిపోయారని ఎవరైనా అంటే నేను ఆ ఉదయాన్ని గుర్తు చేస్తాను.

వ్యవధి ఉన్నచోటే విచారణ, అదే మా పత్రికలవాళ్ళ పని. అమెరికాలో కారు ప్రమాదంలో తెలుగు విద్యార్థి పోతే పేరు, ఊరు, తండ్రి ఉద్యోగం, చదివిన కాలేజీ అన్నీ మొదటి పేజీలో వేస్తాం. వెయ్యాల్సిందే. హైదరాబాద్‌లో స్లాబు కూలి బిహార్ కూలీలు పోతే 'ఇద్దరు వలస కూలీల మృతి', లోపలి పేజీలో నాలుగు లైన్లు. జగిత్యాల, సిరిసిల్ల నుంచి దుబాయి పోయి అక్కడ కన్నుమూసిన మనవాళ్ళూ ఆ దేశానికి ఇలాంటి కూలీలే. శవపెట్టె శంషాబాద్‌లో దిగేదాకా వాళ్ళ కోసం చందాలు వేసుకునేది అక్కడి గదుల్లో పక్క మంచాలవాళ్ళే.

ఈ పత్రిక సంపాదకులకు నా విన్నపం ఒకటే: ఆ నాలుగు లైన్లలో ఇకనుంచి పేర్లు వేయించండి. దొరకవన్న సాకు చెల్లదు, మేస్త్రీకి ఒక్క ఫోను చేస్తే హాజరు పుస్తకం చూసి చెబుతాడు.