యూనిఫారం విప్పినంత మాత్రాన

మన పత్రిక గత సంచికలో ఒక మిత్రులు ఒక ప్రశ్న వేశారు. బ్యాంకు మేనేజరు పదవీ విరమణ చేశాక పేరు ముందు మేనేజరు అని రాసుకోడు కదా, సైన్యం వదిలి ముప్పై ఏళ్లయిన వాళ్లు ఇంకా మేజరు, కర్నల్ అనిపించుకోవడం ఏమిటి, ఉద్యోగంతో పాటు ఆ గుర్తింపూ పోవద్దా అని. పైకి సబబుగా వినిపించే ప్రశ్నే. కాని అది సగం ప్రశ్న. మిగతా సగం ఎవరూ అడగడం లేదు కనుకనే ఈ నాలుగు మాటలు.

ముందుగా ఒక ఒప్పుకోలు. ఈ వాదన మా డాక్టర్ల నోట మాత్రం రాకూడదు. స్టెతస్కోపు మూల పడేసి ఇరవై ఏళ్లయినా మేము పేరు ముందున్న 'డాక్టర్' తీసెయ్యం. పిల్లల పెళ్లి శుభలేఖల్లో కూడా తీసెయ్యం.

ఇక బ్యాంకుతో పోలిక. బ్యాంకు ఉద్యోగికి మనసు విరిగితే మర్నాడే రాజీనామా ఇవ్వవచ్చు. సైనికుడు చెప్పకుండా వెళ్లిపోతే అది నేరం. భారత రాజ్యాంగం 33వ అధికరణం సైనికుల ప్రాథమిక హక్కులను కుదించే అధికారం పార్లమెంటుకు ఇచ్చింది. తన హక్కుల్లో కొన్ని వదులుకుని, అవసరమైతే ప్రాణం కూడా ఇస్తానని ఒప్పుకుని చేరే కొలువు అది. దాన్ని జీతం రాళ్లతో తూచి, లెక్క తీరిపోయింది పొమ్మనడం న్యాయం కాదు. పశ్చిమ గోదావరి జిల్లాలో మాధవరం అనే ఊరుంది. ప్రపంచ యుద్ధాల నాటి నుంచి ఇంటింటి నుంచీ సైన్యానికి మనుషుల్ని పంపిన ఊరు. దాన్ని అందరూ 'మిలటరీ మాధవరం' అనే అంటారు. ఊరి పేరుకే అంటుకున్న గుర్తు మనిషిని వదులుతుందా?

అయితే మా తగవు మేజర్ల గురించీ కర్నళ్ల గురించీ కాదు. వారి గుర్తింపుకు వచ్చిన లోటేమీ లేదు. మొన్న ఉగాది సభలో విశ్రాంత సైనికాధికారి ఒకరికి శాలువా కప్పాం. చప్పట్లు కొట్టాం. బాగానే ఉంది. అదే హాలులో వెనక వరసలో, మనవడిని ఒళ్లో పెట్టుకుని ఒక పెద్దాయన కూర్చుని ఉన్నారు. ఆయన కొడుకు మాకు అన్నయ్య లాంటివాడు. "మా నాన్న, ఊళ్లో వ్యవసాయం. చెముడు, కాస్త గట్టిగా మాట్లాడాలి" అని పరిచయం చేశాడు.

ఆయన చెప్పులు కుర్చీ కింద గీత గీసినట్టు ఉన్నాయి. నడుము వాల్చకుండా కూర్చున్నారు. అనుమానం వచ్చి, "పెదనాన్నగారూ, మిలటరీలో చేశారా?" అని అడిగాం. ఒక్కసారి మా వైపు తిరిగారు.

"పదిహేడేళ్లు చేశాను బాబూ. హవల్దారుగా దిగాను. ఫిరంగులు మాయి. 71లో పదమూడు రోజులు చెవి పక్కనే పేలాయి. దూది పెట్టుకునేవాళ్లం, ఆగేది కాదు. ఇప్పటికీ రాత్రిపూట చెవిలో ఈల మోగుతుంది."

కొడుకు తెల్లబోయాడు. నాన్నకు వయసు మీద పడి చెముడు వచ్చిందనే ఇన్నాళ్లూ అనుకున్నాడట. తర్వాత మమ్మల్ని పక్కకు పిలిచి, "హవల్దారంటే ఇక్కడ ఎవరికి తెలుస్తుందిరా, చిన్న ఉద్యోగం కదా అని చెప్పను" అన్నాడు. మిత్రుల ప్రశ్నలో మిగిలిన సగం ఇదే. ఎవరి గుర్తింపు నిలుస్తోంది, ఎవరిది ఇంట్లోవాళ్లే చెరిపేస్తున్నారు?

అమెరికాలో శిక్షణ పొందిన మన డాక్టర్లలో చాలామంది మాజీ సైనికుల ఆసుపత్రుల్లో పని చేసినవాళ్లే. అక్కడి ప్రభుత్వం మాజీ సైనికులకు పరిహారం ఇచ్చే బాధల్లో మొదటి స్థానం చెవిలో హోరుది. వియత్నాం యుద్ధం 1975లో ముగిసింది. దాని నుంచి తిరిగివచ్చినవాళ్ల పీడకలలకు, ఉలికిపాట్లకు అక్కడి మనోవైద్యుల పుస్తకంలో ఒక రోగంగా చోటు దొరికింది 1980లో. అక్కడ రోగిని "సైన్యంలో చేశారా?" అని అడగడం మాకు నేర్పారు. మన ఇంటి పెద్దల్ని మాత్రం మేమే అడగం. ఉద్యోగం అయిపోయిందన్నది కాగితం మాట. శరీరానికి ఆ కాగితం చదవడం రాదు.

కాగితాలు ఎటైనా తిరుగుతాయి. బ్రిటన్లో ఒక్కరోజు సైన్యంలో జీతం తీసుకున్నా మాజీ సైనికుడే. మన దేశంలో 2022లో వచ్చిన అగ్నిపథ్ పథకంలో నాలుగేళ్లు చేసి బయటికి వచ్చే అగ్నివీరులకు పింఛనూ లేదు, మాజీ సైనికులన్న హోదా కూడా లేదు. నాలుగేళ్లు మంచులో నిలబడిన కుర్రవాడి మోకాళ్లకు ఈ తేడా తెలుస్తుందా?

మిత్రుల మాటలో నిజం లేకపోలేదు. హోదా చూపి క్యూలో ముందుకు దూరేవారిని, సంఘం సమావేశాన్ని కవాతు మైదానం అనుకునేవారిని మేమూ చూశాం. ఆ గుర్తింపు గౌరవానికే గాని పెత్తనానికి కాదు. అంతవరకు ఒప్పుకుంటాం.

ఇక మా కోరిక. వచ్చే ఆగస్టు 15 సభలో, మన కుటుంబాల్లో సైన్యంలో పని చేసిన ప్రతివారినీ, సిపాయి మొదలు, పేరు పెట్టి వేదిక మీదికి పిలవాలి. శాలువాలు చాలకపోతే అందరికీ మానేద్దాం. అంతకంటే ముందు ఈ రాత్రే ఇంట్లో పెద్దవారి పక్కన కూర్చుని, ఏ రెజిమెంటు, ఎక్కడ చేశారు అని అడగండి. కాస్త గట్టిగా అడగండి. వారికి సరిగా వినపడకపోవచ్చు. ఎందుకు వినపడదో కూడా అప్పుడే తెలుస్తుంది.