మన గుడి వాకిలి నీళ్లు ఎవరి ఇంట్లోకి?



ఈ నెల నా తప్పు ఒకటి మీ ముందు ఒప్పుకొని మొదలుపెడతాను. నేను కాపరిగా ఉన్న సంఘము కరీంనగర్ ప్రాంతంలోని ఒక చిన్న పట్టణములోనిది. గుడి కొంచెం ఎత్తున ఉంటుంది. ముందు మొరం వాకిలి, నడుమ ఒక వేపచెట్టు. కోత పండుగకు, క్రిస్మస్ ఆరాధనకు చుట్టు పల్లెల నుండి ట్రాక్టర్లలో, ఆటోలలో, మోటారు సైకిళ్ల మీద విశ్వాసులు వస్తారు. వానాకాలం వచ్చిందంటే వాకిలి నిండా బురద. బండ్లు దిగబడేవి, తల్లుల చీర అంచులు పాడయ్యేవి. గల్ఫ్‌లో పని చేసే మా సంఘ కుమారుడొకడు ఇది విని కానుక పంపించాడు. మేము వాకిలి అంతా ఒక గోడ నుండి మరో గోడ దాకా సీసీ పోయించాము. ఆయన పేరున ఒక రాయి వేసి, ప్రార్థన చేసి, దేవునికి స్తోత్రములు చెల్లించాము.

ఆ ఏడు ఒక రాత్రి గట్టి వాన పడింది. తెల్లవారగానే గుడి క్రింది వీధిలో ఉండే ఒక విధవరాలు మా గుమ్మం ముందు నిలబడింది. ఆమె మన సంఘస్థురాలు కాదు. "అయ్యగారూ, ఇరవై ఏండ్ల సంది ఇక్కడనే ఉంటున్న. ఎంత వాన పడ్డా ఇంట్లకు నీళ్లు రాలె. మీరు సీసీ పోసిన సంది మీ గుడి నీళ్లు మా ఇంట్లకే వస్తున్నయి. బియ్యం నానినయి" అన్నది. ఆమె అరవలేదు, తిట్టలేదు. నేనేమన్నానో చెప్పడానికి సిగ్గుపడుతున్నాను. "వాన దేవుడిచ్చేది కదమ్మా, మనమేం చేస్తాం" అన్నాను. ఆమె ఏమీ అనకుండా వెళ్లిపోయింది.

ఆ మాట నన్ను నిద్రపోనియ్యలేదు. వాన దేవుడిచ్చినదే. సీసీ మాత్రము మేము పోసినది.

ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయం 8వ వచనము చదవండి. క్రొత్త ఇల్లు కట్టుకొనేవాడు మిద్దె చుట్టూ పిట్టగోడ కట్టాలని అక్కడ ఆజ్ఞ ఉన్నది. ఎవరైనా పడిపోతే ఆ దోషము ఆ ఇంటి మీదికి వస్తుందట. పడినవాడు చూసుకోవలసింది అని దేవుడు అనలేదు. నీ కట్టడము వల్ల పొరుగువానికి కీడు జరగకుండా చూడవలసినది నీవే అన్నాడు. మిద్దెకు పిట్టగోడ ఎలాగో, వాకిలికి నీళ్ల దారి అలాగే అని నాకు ఆ రోజు తెలిసింది.

లెక్క కూడా వేసి చూశాను. ఒక చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరు. మా వాకిలి సుమారు 600 గజాలు, అంటే 500 చదరపు మీటర్లు. 100 మిల్లీమీటర్ల వాన పడితే 50,000 లీటర్లు. ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు పది! మొరం వాకిలి ఇందులో కొంత తాగేది, కొంత ఆపి మెల్లగా వదిలేది. సీసీ తాగదు, ఆపదు. పది ట్యాంకర్లనూ పల్లానికి పంపిస్తుంది. ఆ పల్లంలో ఉన్నది ఆమె ఇల్లు. అదే వీధిలో ఫంక్షన్ హాలు, దుకాణాలు, బడి అన్నీ ఇలాగే చేస్తే ఒక గంట వానకే వీధి వాగవుతుంది.

మన జిల్లాలు ఈ మధ్య ఎన్ని వరదలు చూశాయో మీకు తెలుసు. 2021 జూలైలో నిర్మల్‌లో కాలనీలు మునిగాయి. అదే ఏడు సెప్టెంబరులో సిరిసిల్ల వీధుల్లో నీళ్లు పారాయి. 2022 జూలైలో కడెం ప్రాజెక్టు తట్టుకోలేనంత వరద రాగా క్రింది పల్లెలను ఖాళీ చేయించారు. మంచిర్యాలలో గోదావరి నీళ్లు ఇండ్లలోకి వచ్చాయి. గోదావరి పొంగినప్పుడు, చెరువు తెగినప్పుడు మన వాకిలి ఆపగలిగినది ఏమీ లేదు. కాని ఊళ్లో పడిన వాన ఊళ్లోనే ఇల్లు ముంచుతున్నప్పుడు, అందులో మన వాకిలి పాలు ఉన్నది. ఆ పాలు మనమే తగ్గించాలి.

దానికి మార్గమున్నది. బండ్లు నిలిపే చోట నీరు ఇంకే నేల వేయవచ్చు. ఇంకుడు గుంతలు మనకు క్రొత్త కాదు. 2000లో నీరు–మీరు కార్యక్రమము వచ్చినప్పుడు ఊరూరా తవ్వారు. ఇది కూడా అలాంటిదే, కాని వాకిలి వెడల్పున పరచి, పైన బండ్లు నిలిచేటట్టు చేసినది. అడుగున్నర దాకా మన్ను తీసి, అడుగు మందం ఒకే సైజు పెద్ద కంకర పోయాలి. దాని మీద సన్న కంకర, దాని మీద చిప్స్, ఆ పైన సందులు విడిచి దిమ్మెలు, లేదా గడ్డి మొలిచే రంధ్రాల దిమ్మెలు పరచాలి. సందుల్లో కూడా చిప్సే నింపాలి. కంకర రాళ్ల మధ్య సుమారు మూడో వంతు ఖాళీయే. కనుక అడుగు కంకరలో నాలుగంగుళాల వాన నీరు పడుతుంది. అది నెమ్మదిగా భూమిలోకి దిగుతుంది.

మా మేస్త్రీ, "డస్ట్ పోయకుంటే గట్టిగ కూసోవు సారూ" అని పట్టుబట్టాడు. డస్ట్ పోసినా, సందుల్లో సిమెంటు పూసినా సందులు మూసుకుపోయి నీరు దిగదు. పార్కింగ్ టైల్స్ అని అమ్మేవన్నీ నీరు ఇంకించేవి కావు. ఇది ముందే మాట్లాడుకోవాలి.

నేల కూడా చూసుకోవాలి. కరీంనగర్ వైపు ఎర్ర చెల్క నేలలు నీటిని బాగా దింపుతాయి. ఆదిలాబాద్ వైపు పత్తి పండే నల్లరేగడి తడిస్తే ఉబ్బి మూసుకుంటుంది, ఎండితే పగుళ్లు తీస్తుంది. ముందు ఒక గుంత తవ్వి, నీళ్లు పోసి, ఇంకిన తరువాత మళ్లీ నింపి చూడండి. రెండు రోజులకు కూడా దిగకపోతే అక్కడ కంకర అడుగున పైపు వేసి మిగులు నీటిని కాలువలోకి మెల్లగా వదలాలి. లేదా మిద్దె నీటిని తొట్టిలో పట్టుకోవాలి. ఏ నేలలోనైనా గోడ పునాదికి, మరుగుదొడ్డి ట్యాంకుకు, తాగునీటి బోరుకు ఎడంగా ఉండాలి. ఇసుక లారీలు తిరిగే చోట ఇది నిలవదు. బండ్లు కడిగే చోట, నూనె కారే చోట వేయకూడదు. దుమ్ము చేరితే సందులు పూడిపోతాయి కనుక ప్రతి ఏడు మృగశిరకు ముందే ఊడ్చి, పూడిన చిప్స్ మార్చాలి. మా గుడిలో ఈ పని యువజనులు తీసుకున్నారు.

చైనా దేశము 2015లో 16 నగరాలను ఎంచుకొని నీటిని స్పాంజిలా పీల్చే నేలలు, తోటలు పెంచే పని మొదలుపెట్టింది. అటువంటి పనులే చేపట్టిన జెంగ్‌జౌ నగరంలో 2021 జూలై 20న ఒక్క గంటలో 200 మిల్లీమీటర్ల వాన పడి నగరము మునిగింది. కనుక ఇది సర్వరోగ నివారిణి కాదు. ప్రతి ఏడు పడే వానలకు మాత్రము ఇది మేలు చేస్తుంది.

ఇక మా సంగతి. నేను, సంఘ పెద్దలు ముందుగా ఆమె ఇంటికి పోయి క్షమాపణ అడిగాము, నానిన బియ్యానికి బదులు ఇచ్చాము. తరువాత గల్ఫ్‌లో ఉన్న కుమారునికి ఫోన్ చేశాను. "అయ్యగారూ, అది నా రెండేండ్ల చెమట" అని ఊరుకున్నాడు. నాకు ఇంకేమీ మాట రాలేదు. పదిహేను రోజుల తరువాత తానే ఫోన్ చేశాడు. "మా అమ్మ కూడ ఒంటరిగనే ఉంటది అయ్యగారూ. ఆ పెద్దమ్మ ఇంట్లకు నీళ్లు పోతుంటే రాయి మీద నా పేరెందుకు? పగులగొట్టియ్యుండ్రి" అన్నాడు.

డబ్బు చాలక సగం వాకిలికే, పల్లము వైపు, చేయించాము. సగమే కనుక వాకిలి మొత్తము మీద పడే వానలో రెండంగుళాల వరకే దానిలో చోటు. తరువాతి వానాకాలంలో ఒక రాత్రి వాన జోరందుకోగా టార్చి పట్టుకొని క్రింది వీధికి పోయాను. కొంత నీరు కాలువలో పారుతూ ఉన్నది. ఆమె గడప పొడిగా ఉన్నది. తలుపు తీసి చూసి, "రాలె అయ్యగారూ, పోయి పండుకోండ్రి" అన్నది.

ప్రియ కాపరులారా, సంఘ పెద్దలారా, గుడికైనా ఇంటికైనా వాకిలి కట్టించేటప్పుడు ఎన్ని బండ్లు పడతాయని లెక్క వేస్తాము. ఈసారి వాన పడుతుండగా గొడుగు వేసుకొని మీ వాకిలి నీళ్ల వెంబడి నడవండి. అవి ఎవరి గడప దగ్గర ఆగుతాయో చూసి రండి. ఆ గడప లోపల ఉన్నవారే మీ పొరుగువారు.

ప్రభువు మీ ఇండ్లను, మీ పొరుగువారి ఇండ్లను కాపాడును గాక. ఆమేన్.