దాణా ఎంజైములు: ప్యాకెట్టు కాదు, లెక్క చూడాలి

మొక్కజొన్న, సోయా చెక్క ధరలు ఎగబాకినప్పుడల్లా ఎంజైములు, ప్రోబయోటిక్ ప్యాకెట్లకు గిరాకీ పుంజుకోవడం మామూలే. బ్రాయిలర్ పెంపకం ఖర్చులో సుమారు మూడింట రెండు వంతులు దాణాదే కనుక ఇందులో ఆశ్చర్యం లేదు. అయితే ఈ సరుకును టానిక్కులా అమ్మడం, కొనడం మానవలసి ఉంది.

మొక్కజొన్న, సోయాలలోని భాస్వరంలో అధిక భాగం ఫైటేట్ రూపంలో ఉంటుంది. కోడి దానిని సరిగా అరిగించుకోలేదు. ఫైటేజ్ అనే ఎంజైము ఆ భాస్వరాన్ని విడదీస్తుంది. కనుక డైకాల్షియం ఫాస్ఫేట్‌ను ఆ మేరకు తగ్గించుకున్న మిల్లుకే లాభం. పాత ఫార్ములాను అలాగే ఉంచి ఫైటేజ్ కలిపితే ఒకే పనికి రెండుసార్లు సొమ్ము చెల్లించినట్లే.

ప్రోబయోటిక్‌ల సంగతి వేరు. ఎదుగుదల కోసం దాణాలో యాంటీబయాటిక్‌లు కలపడాన్ని ఐరోపా 2006లో నిషేధించింది. కోళ్లకు కొలిస్టిన్ వాడకాన్ని మన కేంద్ర ప్రభుత్వం 2019లో నిషేధించింది. దీంతో వీటికి మార్కెట్ పెరిగింది. కానీ ఇవి ప్రాణమున్న సూక్ష్మజీవులు. పెల్లెట్ దాణా తయారీలో వేడి 80 డిగ్రీలు దాటితే లాక్టోబాసిల్లస్ రకాలు చాలావరకు చచ్చిపోతాయి. బాసిల్లస్ సిద్ధబీజాలు తట్టుకుంటాయి. ఏ దాణాకు ఏ రకమో చెప్పని అమ్మకం నమ్మదగినది కాదు.

ఇక లెక్క. రెండేసి కిలోల కోళ్లు 10,000 ఉన్నాయనుకుందాం. కిలో బరువుకు 1.7 కిలోల చొప్పున 34 టన్నుల దాణా కావాలి. అది 1.65కు తగ్గితే 33 టన్నులు చాలు. మిగిలేది ఒక్క టన్ను. అంటే ప్యాకెట్ల ఖర్చు దాణా ధరలో 3 శాతం దాటితే ఆ ఆదా కాస్తా హరించుకుపోతుంది.

వర్తకులు సరుకు ఎత్తే ముందు గ్రాముకు ఎన్ని యూనిట్లు, గడువు చివరినాటికి ఎన్ని సజీవ కణాలు మిగులుతాయి అని రాతపూర్వకంగా అడగాలి. రేకుల గోదాములో, ఎండవేడిలో నిల్వ పెట్టరాదు. ఒక షెడ్డుకు వేసి, పక్క షెడ్డుకు వేయకుండా ఫలితం చూసిన పిమ్మటే పెద్ద ఆర్డర్లకు దిగడం మేలు. దాణా అమ్మకాలు చాలాచోట్ల అప్పు మీదనే సాగుతున్నాయి. రైతు బ్యాచి దెబ్బతింటే చివరకు వసూలు కాకుండా నిలిచిపోయేది వర్తకుని సొమ్మే.