కాపలా మనదైతే తీర్మానం కూడా మనదే కావాలె



పోస్టు కొంచెం పెద్దగా ఉంటది, ఓపికతోని చదవండి. ఒప్పుకోనోళ్ళు కూడా మొత్తం చదివినంకనే మాట అనండి.

2025 మే 30న జీవో 49 వచ్చినప్పటి నుంచి మన జిల్లాల్లో పులి అనే మాట వింటేనే కోపం వస్తున్నది. కవ్వాల్‌కు, మహారాష్ట్రలోని తాడోబాకు నడుమ ఉన్న ఆసిఫాబాద్ అడవిని కుమ్రం భీం కన్జర్వేషన్ రిజర్వు అన్నరు. పేరేమో మన భీం పేరు. అడగాల్సిన మనల్ని మాత్రం అడగలేదు. మనోళ్ళు ధర్నాలు చేసిన్రు, బంద్ చేసిన్రు. జూలైలో సర్కారు ఆ జీవోను నిలిపివేసింది.

ఆ పోరాటం న్యాయమైనదే. కానీ దాని తర్వాత మన యువతలో ఒక మాట గట్టిపడ్డది. "జంతువుల రక్షణ అంటే మన ఊరు ఖాళీ చేయించుడే, ఆ పనికి మనం దూరం ఉండాలె" అని. ఈ మాటతోనే నాకు పేచీ. మనం దూరం ఉంటే ఆ పని ఆగదు. మన అడవిలోనే, మనల్ని అడగకుండ నడుస్తది. అందుకే నేననేది, ప్రతి గూడెంలో వన్యప్రాణి కమిటీ ఉండాలె, అది ఫారెస్టోళ్ళ కింద కాకుండ గ్రామసభ కింద ఉండాలె.

దీనికి ఒక ఊరి ముచ్చట చెప్తా. నాగాలాండ్‌లో వోఖా జిల్లాలో పంగ్తి అని లోథా నాగాల ఊరు ఉంది. అక్కడ దోయాంగ్ నది మీద కరెంటు ప్రాజెక్టు కట్టిన్రు. రిజర్వాయర్‌లో ఊరోళ్ళ పొలాలు మునిగినయి. పొలం పోయినోళ్ళు చేపలు పట్టుకొని బతుకుడు మొదలుపెట్టిన్రు. మునక అంటే ఏందో పోలవరం ముంపు మండలాల తమ్ముళ్ళకు నేను చెప్పే పని లేదు.

ఆ రిజర్వాయర్ చుట్టూ ప్రతి అక్టోబర్, నవంబర్‌లో అముర్ ఫాల్కన్ అనే చిన్న డేగలు లక్షల్లో దిగుతయి. ఒక్కోటి 150 గ్రాముల చుట్టూ ఉంటది, పావురం కంటే చిన్నది. సైబీరియా, ఉత్తర చైనా వైపు పిల్లలు చేసి, చలికాలం ముందు దక్షిణ ఆఫ్రికా వైపు పోతయి. నడుమ దోయాంగ్ కాడ ఆగి ఉసిళ్ళు తిని బలం పట్టించుకుంటయి. తర్వాత మన దక్షిణ భారతం మీదుగా పోయి అరేబియా సముద్రం దాటుతయి.

2012లో అక్కడి జనం చేపల వలలనే చెట్ల నడుమ కట్టి ఈ పక్షులను పట్టిన్రు. ఒక్క సీజన్‌లో 1,20,000 నుంచి 1,40,000 దాకా చచ్చిపోయినయని చూసొచ్చినోళ్ళు అంచనా వేసిన్రు. ఆ ఫొటోలు, వీడియోలు దేశమంతా తిరిగినయి. పంగ్తి పేరు చెడ్డది.

2013లో అక్కడ ఒక్క పక్షిని కూడా చంపలేదని లెక్క తేలింది. ఒక్క ఏడాదిలో అంత మార్పు ఎట్ల వచ్చింది? ఫారెస్టు శాఖ పని చేసింది, స్వచ్ఛంద సంస్థలు పని చేసినయి, చర్చిలో పాస్టర్లు చెప్పిన్రు. ఊరి కౌన్సిల్ కూసొని తీర్మానం చేసి, చంపినోళ్ళకు జరిమానా పెట్టింది. పక్షులు వాలే చెట్లు ఎవరి భూముల్లో ఉన్నయో ఆ భూమి యజమానులు కలిసి యూనియన్ పెట్టుకున్నరు. వలలు కట్టిన ఊరే కాపలాకు దిగింది. పిల్లలకు ఎకో క్లబ్బులు పెట్టి ఈ పక్షి ఎక్కడి నుంచి వస్తది, ఎక్కడికి పోతది అని నేర్పిన్రు. ఆ నవంబర్‌లో మూడు పక్షులకు శాటిలైట్ ట్యాగులు కట్టి నాగ, వోఖా, పంగ్తి అని పేర్లు పెట్టిన్రు. మన ఊరి పేరున్న పక్షి సముద్రం దాటుతుందంటే ఎవరికైనా ఛాతి పెద్దగైతది గదా.

ఇందులో అంతా తీపే లేదు. పక్షులు అమ్మితే వచ్చే పైసలు పోయినయి. చూడనీకి వచ్చేటోళ్ళకు ఇండ్లల్లో వసతి ఇస్తే కొంత ఆదాయం వస్తది, అది కూడా సీజన్ మటుకే. అందరి ఇల్లు దాంతోని గడవదు. పేదోళ్ళు తిండిలో కోత పెట్టుకొని ప్రపంచం కోసం పక్షిని కాపాడుతుంటే, ఆ ఖర్చులో ప్రపంచం వాటా ఎంత అని అడగాల్సిందే.

అయినా పంగ్తి మాట ఎందుకు నిలబడ్డది? అక్కడ భూమి ఊరిది. రాజ్యాంగంలో 371ఎ అధికరణం నాగాల భూమికి, దాని వనరులకు ప్రత్యేక రక్షణ ఇచ్చింది. వద్దు అనే అధికారం ఉన్న ఊరు కాబట్టి, కాపాడుతం అని చెప్తే ఆ మాటకు బరువు వచ్చింది.

మనకు 371ఎ లేదు. మనకు ఐదో షెడ్యూల్ ఉంది, 1996 పెసా ఉంది, 2006 అటవీ హక్కుల చట్టం ఉంది. ఆ చట్టం అంటే మనకు పోడు పట్టానే యాదికొస్తది. 2023లో పట్టాలు పంచినప్పుడు కూడా ఊరంతా దాని ముచ్చటే. అదే చట్టంలో సెక్షన్ 3(1)(ఐ) ఊరి సామూహిక అడవిని కాపాడుకునే, నడుపుకునే హక్కు ఇస్తది. దానికి ఫారం సి పెట్టాలె. సెక్షన్ 5 ఇంకా ముందుకు పోతది. వన్యప్రాణులను, అడవిని, నీటి వనరులను కాపాడే అధికారం గ్రామసభకు ఇస్తది. రూల్ 4(1)(ఇ) ప్రకారం గ్రామసభ తన సభ్యులతోనే కమిటీ వేయాలె. ఈ కమిటీకి ఎవరి దయా అక్కర లేదు, చట్టంలోనే రాసి ఉంది.

"మన ఊర్లో ఆల్రెడీ వీఎస్ఎస్ ఉంది గదా" అంటరు కొందరు. వన సంరక్షణ సమితులు ఉమ్మడి రాష్ట్రంలో 1992 నుంచి వచ్చినయి. అవి ఫారెస్టు శాఖ స్కీమ్ కింద నడుస్తయి. స్కీమ్ పైసలు ఆగితే సమితి కూడా ఆగుతది. గ్రామసభ కమిటీ పుట్టేది హక్కు నుంచి. ఈ తేడా పెద్దోళ్ళకు చెప్పేది మనమే, ఎందుకంటే ఆ కాగితం చదవగలిగేది ఇప్పుడు మనమే.

కమిటీ ఏం పని చేయాలె? మన దగ్గర జరిగిన సంగతులే చూడండి. 2020 నవంబర్‌లో ఆసిఫాబాద్ జిల్లాలో పులి ఇద్దరిని చంపింది. 2024 నవంబర్‌లో కాగజ్‌నగర్ వైపు పత్తి చేనులో మన ఈడు అమ్మాయి ప్రాణం పోయింది. అన్నీ నవంబర్‌లోనే, పత్తి ఏరే కాలంలోనే. వంగి పత్తి ఏరే మనిషికి వెనుక ఏముందో కనబడదు. పత్తి కాలంలో ఏ చేనుకు ఎవరు పోతున్నరో తెలుసుకొని, గుంపుగా పోయేటట్టు చూసి, అడుగులు కనబడంగనే ఊరంతా చెప్పే మనుషులు కావాలె. మన మనుషుల ప్రాణం కాపాడుడు కూడా వన్యప్రాణి పనే.

ఇంకో వైపు చూస్తే, 2024 జనవరిలో కాగజ్‌నగర్ అడవిలో పులులు చచ్చిపోయినయి, విషం పెట్టిన పశువు కళేబరం కేసు అయింది. ఆవు పోయినోనికి కడుపు మండుతది, అది నిజం. నష్టపరిహారం సక్రమంగా, తొందరగా చేతికి వస్తే విషం దాకా పోడు. పశువు చచ్చిన రోజే ఫొటో తీసి, దరఖాస్తు రాసి, రసీదు తీసుకునే పని కమిటీ చేయాలె. అడవి పందులకు పెట్టే కరెంటు తీగ కూడా అంతే. దానికి పులి, మనిషి, ఎద్దు అని తేడా లేదు. ఆ తీగ ఎవరు పెడుతున్నరో ఊరికే తెలుస్తది, ఊరే ఆపగలుగుతది.

బెజ్జూర్ వైపు పాలరాపు గుట్ట మీద 2013లో పొడుగు ముక్కు రాబందుల గూళ్ళు కనబడ్డయి. దేశంలో రాబందులు దాదాపు ఊడ్చుకుపోయింది డైక్లోఫెనాక్ వల్ల. నొప్పికి ఆ సూది వేసిన పశువు చచ్చిపోతే, దాన్ని తిన్న రాబందు కిడ్నీలు పాడైతయి. 2006లో పశువులకు ఆ మందు నిషేధించిన్రు. కానీ ఊర్లోకి వచ్చి సూదేసేటోళ్ళ సంచిలో ఏముందో చూసేదెవరు? సీసా మీద పేరు చదివే పిల్లగాడు కమిటీలో ఒక్కడుంటే చాలు.

ఇక భయం సంగతి. "పులి ఉందని మనమే రాసిస్తే, రేపు అదే చూపెట్టి మనల్ని లేపుతరు" అంటున్నరు. ఈ భయం ఉత్తగ రాలేదు. కవ్వాల్ కోర్ నుంచి మైసంపేట, రాంపూర్ ఊర్లను తరలించిన సంగతి అందరికీ తెలుసు. కానీ చట్టం సెక్షన్ 4(2) ఏమంటది? హక్కుల గుర్తింపు పూర్తి కావాలె, కలిసి బతికే దారి లేదని తేల్చాలె, గ్రామసభ స్వేచ్ఛగా, రాతపూర్వకంగా ఒప్పుకోవాలె. రికార్డు మన చేతిలో ఉంటే, "ఇన్నేండ్ల నుంచి పులి, మనం ఇక్కడే కలిసి బతుకుతున్నం" అనేదానికి అదే సాక్ష్యం. రికార్డు వాళ్ళ కాడనే ఉంటే వాళ్ళు రాసిందే చరిత్ర.

"ఫ్రీగా కూలీలమైతం" అనే మాటలో కూడా నిజం ఉంది. నల్లమలలో చెంచు అన్నలు అడుగు చూసి పులి ఎప్పుడు పోయిందో చెప్తరు. బేస్ క్యాంపుల్లో వాచర్లుగా కాపలా ఉంటరు. అడవి మీద నిర్ణయం చేసే మీటింగుల్లో వాళ్ళకు ఎన్ని కుర్చీలు ఉన్నయి? అందుకే కాపలా, తీర్మానం రెండూ ఒక్క చేతిలో ఉండాలని అడుగుతున్నా.

వచ్చే సెలవులకు ఊరికి పోయినోళ్ళు పటేల్‌తోని, పెద్దలతోని కూసోండి. గ్రామసభ పెట్టించండి. సగం మంది రావాలె, వచ్చినోళ్ళలో మూడో వంతు ఆడోళ్ళు ఉండాలె, లేకుంటే తీర్మానం చెల్లదు. కమిటీలో చదువుకున్నోళ్ళనే నింపకండి. పశువులు కాసే కాకకు, ఇప్పపువ్వు ఏరే పెద్దమ్మకు అడవి మనకంటే ఎక్కువ తెలుసు. రాసే పని మనం చేద్దం. తీర్మానం పుస్తకంలో సంతకాలు అయినంక ఒక కాపీ ఊర్లో ఉంచి, ఫారం సితోని ఇంకో కాపీ సబ్ డివిజనల్ కమిటీకి ఇచ్చి రసీదు తీసుకోండి.

ఏ ఊర్లో తీర్మానం అయిందో ఇక్కడ రాయండి. పక్క ఊరోళ్ళకు అది చూసి ధైర్యం వస్తది.

జై సేవా.