నలభై వేలకు హై ఎండ్ సౌండా? ముందు టేపుతో గది కొలవండి

రెండేళ్ల కింద నా మొదటి బోనస్ మొత్తం ఒక జత టవర్ స్పీకర్ల మీద పెట్టేశా. షోరూమ్‌లో వింటే ఛాతీ అదిరింది. ఇంటికి తెచ్చి 10 బై 12 బెడ్‌రూమ్‌లో పెట్టాక, బాస్ గిటార్ ఏ నోట్ వాయించినా ఒకటే "గూం". కింద వాటా ఆంటీ మూడో రోజే పైకొచ్చి తలుపు కొట్టారు. ఆరు నెలలకు సగం ధరకు అమ్మేశా. అవి చెడ్డ స్పీకర్లేం కాదు. గది చూసుకోకుండా కొన్నది నేనే.

లెక్క చాలా సింపుల్. శబ్దం సెకనుకు దాదాపు 343 మీటర్లు వెళ్తుంది. 12 అడుగులంటే 3.66 మీటర్లు. ఎదురెదురు గోడల మధ్య 47 హెర్ట్జ్ దగ్గర ఒక రెజొనెన్స్, 10 అడుగుల వైపు 56 దగ్గర ఇంకోటి. ఆ ఫ్రీక్వెన్సీలు వచ్చిన ప్రతిసారీ గది కూడా గొంతు కలుపుతుంది. టవర్ స్పీకర్ సరిగ్గా అక్కడే గట్టిగా వాయిస్తుంది, పైగా నేను మూలకు నెట్టి పెట్టా. బీటెక్‌లో స్టాండింగ్ వేవ్స్ చదివి మార్కులు కూడా తెచ్చుకున్నా, అది వేరే సంగతి!

అందుకే నా అభిప్రాయం సూటిగా చెప్తా. బడ్జెట్ నలభై, యాభై వేలైతే 5.1 సెట్లు, టవర్లు మర్చిపోండి. ఐదంగుళాల వూఫర్ ఉన్న మంచి బుక్‌షెల్ఫ్ జత ఒకటి, దానికో మామూలు స్టీరియో ఆంప్లిఫయర్, అంతే. అదే డబ్బు ఆరు స్పీకర్లకు పంచితే ఒక్కోదానికి ఏం మిగులుతుంది?

"హై ఎండ్ అంటే అది కాదు బ్రో" అనేవాళ్లుంటారు. కెనడా నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్‌లో, తర్వాత హార్మన్‌లో ఫ్లాయిడ్ టూల్ ఏళ్ల తరబడి చేసిన పని ఇదే: స్పీకర్లను తెర వెనక పెట్టి, బ్రాండ్ చెప్పకుండా వినిపించడం. ఎక్కువ మందికి నచ్చినవి, ఎదురుగా రెస్పాన్స్ ఫ్లాట్‌గా, పక్కలకు వెళ్లే సౌండ్ కూడా ఒడిదుడుకులు లేకుండా ఉన్నవి. ధర ట్యాగ్ చెవికి వినపడదు. కొనబోయే మోడల్ పేరు పక్కన "స్పినోరమా" అని కొట్టి వెతకండి, చాలా వాటికి గ్రాఫులు ఉచితంగా దొరుకుతాయి.

వాట్స్ చూసి మోసపోవద్దు. పీఎంపీఓ అని రాసుంటే ఆ డబ్బా అక్కడే పెట్టేయండి. చూడాల్సింది సెన్సిటివిటీ. ఆరు డెసిబెల్స్ తేడా అంటే నాలుగు రెట్ల పవర్: 90 డీబీ స్పీకర్‌కు 10 వాట్లు చాలిన చోట 84 డీబీ దానికి 40 కావాలి. చవక ఆంప్ తీసుకునే వాళ్లకు ఇది చాలా ముఖ్యం.

కేబుల్స్ మీద వేలు తగలేయకండి. మూడు నాలుగు మీటర్ల దూరానికి ఎలక్ట్రికల్ షాపులో దొరికే 1.5 ఎస్‌క్యూ ఎంఎం రాగి వైరు బ్రహ్మాండంగా సరిపోతుంది. మిగిలిన డబ్బు స్టాండ్లకు పెట్టండి, గోడకు కాస్త దూరంగా జరపండి.

సెకండ్ హ్యాండా? నిస్సంకోచంగా. ఇప్పుడు నా దగ్గరున్నవి అవే. వూఫర్ చుట్టూ ఉన్న ఫోమ్ పొడిపొడిగా రాలుతోందేమో మాత్రం వేలితో తాకి చూడండి. రబ్బరైతే ఎక్కువ కాలం నిలుస్తుంది.

షోరూమ్‌లో ఒక చిన్న జాగ్రత్త. రెండు జతలు పోల్చేటప్పుడు వాల్యూమ్ సమానంగా పెట్టమనండి, కాస్త గట్టిగా మోగేదే మనకు మంచిదనిపిస్తుంది. పాటలు మీవే తీసుకెళ్లండి. బాస్‌కు ఇళయరాజా, గొంతుకు పాత ఘంటసాల. ఆ మోనో రికార్డింగుల్లో గొంతు సరిగ్గా రెండు స్పీకర్ల మధ్యలోంచి రావాలి. ఇంట్లో బిగించాక అలా రాకుండా గది అంతా చెదిరినట్టుంటే, స్పీకర్లను తిట్టే ముందు ఎర్ర వైరు, నల్ల వైరు తారుమారయ్యాయేమో చూడండి.